పెద్దమడుగులో కోడీకల పురుగు

నూకరత్నానికి ముప్పై ఎనిమిదేళ్ళు. అన్నం తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడదు. ఆ ఇంట్లో మాట్లాడ్డానికి మొగుడు పోలయ్య, మరిది గంగులు ఎలాగూ ఉన్నారు. తమంత తెలివైనవాళ్ళు ఏటి ఒడ్డున లేరని ఇద్దరికీ గట్టి నమ్మకం. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివని వాళ్ళ లెక్క.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. తొలకరికి ఉసిళ్ళు లేచిన సాయంత్రం, వాటిని తినడానికి చేపలు నీటి మీదికి ఎగబడతాయి. ఆ వేళ ఏ ఇంటివాళ్ళు గాలంతో పట్టిన చేపను ముందుగా, బతికుండగా కులపెద్దకు చూపిస్తారో, ఆ ఏడాది పెద్దమడుగులో వేట వాళ్ళది. ఆడవాళ్ళు మాత్రం గాలం ముట్టకూడదు. మగవాళ్ళకు చేతకాకపోయినా ఫర్వాలేదట. కిందటేడు మడుగు దక్కక ఇంటిల్లిపాదీ గంజి తాగారు. ఈసారీ పోతే ఆ గంజీ ఉండదు.

అందుకని నూకరత్నం కోడీకలూ దారమూ కలిపి, అచ్చం ఉసిళ్ళలాంటి పురుగులు కట్టింది. ఒకటి గాలానికి తగిలించుకోమని ఇచ్చి, చూడ్డానికి నిజం పురుగులాగే ఉండాలని మొగుడికి మరీ మరీ చెప్పింది.

ఉసిళ్ళు లేచాయి. పోలయ్య వాటిని శ్రద్ధగా గమనించాడు. ఎగురుతున్నాయి, వాలుతున్నాయి, రెక్కలు రాల్చుకుంటున్నాయి. అంతే, తన పురుగుకున్న రెక్కలు పీకేశాడు. దారం ముడి మిగిలింది.

నూకరత్నం ఇంకోటి ఇచ్చి, చేపలు పైకి వచ్చాక వెయ్యమంది. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ గట్టెక్కి, బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్నారు. కింద ఏట్లో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఇంకా రాలేదు వదినా. నడిచే అలవాటు లేదు గదా పాపం, గట్టెక్కడానికి కాస్త టైము పడుతుంది" అన్నాడు గంగులు.

ఇద్దర్నీ రెక్కలు పట్టుకుని నీళ్ళదాకా లాక్కొచ్చింది. పోలయ్య కళ్ళు మూసుకుని విసిరాడు. ఎలా తగిలిందో, చెయ్యంత బొచ్చె చేప తగిలింది. ఇంకెవరికీ పడలేదు. ఆమె దాన్ని నీళ్ళకుండలో వేసి, తను తిరిగొచ్చేలోగా అది చావకుండా చూడమని చెప్పి, కులపెద్ద కోసం పరిగెత్తింది.

పెద్దను వెంటబెట్టుకుని వచ్చేసరికి కుండలో నీళ్ళే ఉన్నాయి.

"చేప ఏదయ్యా?"

"కుండలో ఆయాసపడుతోందే. చావకూడదన్నావు గదా. చేప చావకుండా ఉండేది ఏట్లోనే. అందుకని అక్కడ పెట్టాం" అన్నాడు పోలయ్య, మెచ్చుకోమన్నట్టు.

"నువ్వు దిగులుపడకు వదినా. పెద్దయ్యగారు పిలవగానే రావాలని దానికి గట్టిగా చెప్పే వదిలాం" అన్నాడు గంగులు.

కులపెద్ద మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. ఇద్దరు మగవాళ్ళు సాక్ష్యం చెబుతుంటే కాదనడం ఎలా? ఏటివైపు తిరిగి గొంతు సవరించుకుని, దాన్ని ఏమని పిలవాలని అడిగాడు.

మర్నాటి నుంచి పెద్దమడుగులో నూకరత్నమే గాలం వేసింది. ఎవరినీ అడగలేదు.