అలిగిన తొండ, మూడో దరువు

అనగనగా ఒక అడవిలో, సింహాలన్నీ ముసలివైపోయి "రాజరికం మావల్ల కాదు నాయనా" అని చేతులెత్తేశాక, ఎన్నికలు మొదలయ్యాయి. ఆ ఏడు అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు జూలమ్మ అనే ఎలుగుబంటి. రెండోవాడు బిరుసయ్య అనే తొండ.

ఎలుగుబంటితో తొండకు పోటీ ఏమిటని నవ్వకండి. బిరుసయ్య నోరు విప్పితే ఏనుగులు కూడా చెవులు ఊపడం ఆపి వినేవి. వాడి చిక్కల్లా తలతోనే. తొండ తల ఎప్పుడూ కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది, మీరు గోడ మీద చూసే ఉంటారు. ఆఖరి సభలో జూలమ్మ లేచి, "నాకంటే మంచి అధ్యక్షురాలు మీకు దొరుకుతుందా? నాకే ఓటు వేయండి" అంది. పక్కనే నిలబడ్డ బిరుసయ్య తల "సరే, సరే" అన్నట్టు ఊగింది. అడవంతా చూసింది. ఇంకేముంది, కొంప మునిగింది!

"పోటీ చేసినవాడే ఒప్పుకున్నాక మధ్యలో మనకేం?" అని కుందేళ్లు కూడా జూలమ్మకే ఓటు వేశాయి.

అందుకే ప్రమాణ స్వీకారం రోజున బిరుసయ్య సభకు వెళ్లలేదు. ఎదురుగుట్ట ఎక్కి మూతి ముడుచుకుని కూర్చున్నాడు. వాడి పక్షం వాళ్లు ఒక కాకి, ఒక నక్క, వాడికి చెరో పక్కన కూర్చున్నారు.

"మళ్లీ అందరి ముందూ నా తల ఊగాలా? మళ్లీ అందరూ నవ్వాలా? చచ్చినా పోను!" అన్నాడు బిరుసయ్య.

"అదీ మాట, అన్నా!" అన్నాయి కాకీ నక్కా.

చెరువు మీద అలిగాడట ఒకడు, అని పెద్దలు ఒక సామెత చెబుతారు. మిగతా సగం నేను చెప్పను, మీ అమ్మమ్మని అడగండి. చివరికి కంపు కొట్టింది చెరువు మాత్రం కాదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ప్రమాణం రోజున వడ్రంగిపిట్ట ఎండు మద్దిచెట్టు మీద మూడు దరువులు వేస్తుంది. మొదటి దరువుకు ప్రమాణం. రెండో దరువుకు ఆటపాటలు. మూడో దరువు ముగిస్తే విందు. ఆ మూడోది ముగిసేలోగా ఓడినవాడు సభకు వచ్చి ఒక్క కోరిక కోరవచ్చు. గెలిచినవాళ్లు దాన్ని కాదనకూడదు. కానీ ఓడినవాడే రావాలి, తన నోటితోనే అడగాలి.

"ఆమె ముందు నేను చేయి చాచనా!" అని బిరుసయ్య ముందే తేల్చేశాడు.

టక టక టక! మొదటి దరువు మోగింది. జూలమ్మ కుడిచెయ్యి పైకెత్తింది. "అడవి మీద ఆన, ఏటి మీద ఆన, నేను..." అంటూ ఉండగా ఒక తేనెటీగ ఆమె ముక్కులో దూరింది. హాఛ్! ముందు వరసలో కూర్చున్న కోతులు మూడు పల్టీలు కొట్టి వెనక వరసలో పడ్డాయి.

"తుమ్మింది! తుమ్మితే అపశకునం! ఈ ప్రమాణం చెల్లదు!" అని నక్క గంతులేసింది.

"అసలు జనమేరీ? చీమల్ని తీసేస్తే సభ ఖాళీ!" అంది కాకి. చెట్లకు వేలాడుతున్నవాళ్లనీ, కొమ్మలు విరిగి కింద పడ్డవాళ్లనీ అది చూడనే లేదు.

టక టక, టకటక టక! రెండో దరువుకు నెమలి వచ్చింది. ఆ అడవిలో నెమలి అంటే పెద్ద తార. ఆయన ఈక ఒకటి రాలితే దానికోసం పది కోతులు జుట్లు పట్టుకుంటాయి. ఆయన పురి విప్పి ఆడుతుంటే కోకిల పాట అందుకుంది. ఏనుగులు తొండాలు పెనవేసుకుని చిందులేశాయి. తాబేలు వెల్లకిలా పడి గిర్రున తిరిగింది. "ఇంకోసారి తిప్పండి!" అని అరిచింది.

"చూశారా!" అని కాకి గొల్లుమంది. "నా గూట్లో పుట్టి, నా తిండి తిని పెరిగిన కోకిల పిల్ల! ఆ ఎలుగుబంటికి పాడుతుందా?"

"అన్నా, నీ తల దరువుకు ఊగుతోంది!" అంది నక్క.

"నా తల పుట్టినప్పటి నుంచీ ఊగుతోంది! నీ తోక సంగతేమిటి?"

నక్క గబుక్కున తన తోక మీద కూర్చుంది.

అప్పుడు కోకిల పాటలో ఆఖరి చరణం వినిపించింది.

"రండి రండి విందుకు రండి! ఎర్రదిబ్బకు తరలి రండి! ఎలుగులారా తవ్వుకోండి, చెదపురుగులను మెక్కండి!"

అంతలో గుట్ట కిందనుంచి వాడి భార్య గరికమ్మ రొప్పుతూ ఎక్కి వచ్చింది.

"ఏవయ్యా, విన్నావా? ఎర్రదిబ్బట! మన గుడ్లు అక్కడే పాతిపెట్టానయ్యా. నావే కాదు, మన వాడకట్టులో తల్లులందరివీ అక్కడే ఉన్నాయి."

"ఎవరినైనా పంపి చెప్పిద్దాం" అని గొణిగాడు బిరుసయ్య.

"ఆ గోలలో ఎవరు వింటారు? ఓడినవాడివి నువ్వు. నువ్వు అడిగితేనే చెల్లుతుంది."

"వెళ్లకన్నా! అందరూ నవ్వుతారు!" అంది కాకి.

గరికమ్మ కాకి వైపు చూడనైనా లేదు. "నవ్వితే గుడ్లు పగలవయ్యా. తవ్వితే పగులుతాయి" అంది.

టక టక టక! మూడో దరువు మొదలైంది.

బిరుసయ్యకు సిగ్గు ముంచుకొచ్చింది. అలిగి కూర్చున్నందుకు వచ్చిన సిగ్గు అది. వాడు గుట్ట మీదనుంచి దొర్లాడు. ఏనుగుల కాళ్ల మధ్యనుంచి దూరాడు. తాబేలు మీదికెక్కి రెండు చుట్లు తిరిగాడు. నెమలి పురి పట్టుకుని పైకి పాకి, ఒక్క గంతులో జూలమ్మ ముక్కు మీద వాలాడు. వడ్రంగిపిట్ట ఎత్తిన ముక్కు ఎత్తినట్టే ఉండిపోయింది. ఇంకొక్క "టక్" మిగిలింది.

"ఓడినవాడి కోరిక!" అని అరిచాడు బిరుసయ్య. "ఎర్రదిబ్బ మీద విందు వద్దు!"

వాడి తల మాత్రం "సరే, సరే, సరే" అని ఊగింది.

సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. "నోరేమో వద్దంటోంది, తలేమో సరే అంటోంది. ఏది లెక్క?" అంది ఒక ఏనుగు. బిరుసయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. తల ఆగింది గానీ ఒళ్లంతా ఊగడం మొదలెట్టింది. నవ్వులు రెట్టింపయ్యాయి. జూలమ్మకు కూడా నవ్వు ఆగలేదు, ఆమె ముక్కు మీద బిరుసయ్య ఉయ్యాల ఊగాడు.

"నవ్వండి" అన్నాడు వాడు. "కావలసినంత నవ్వండి. కానీ మా గుడ్లు అక్కడే ఉన్నాయి. మా పిల్లలు ఆ మట్టిలో ఉన్నారు."

ఆ మాట అంటుండగా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మొదటిసారి, బిరుసయ్య తల తనంతట తానే ఊగడం మానేసింది.

ఏనుగులు చెవులు ఊపడం ఆపాయి. జూలమ్మ వాణ్ని మెల్లిగా అరచేతిలోకి తీసుకుంది.

"బిరుసయ్యా, మాకు తెలియదయ్యా. వానలు పడి పిల్లలు బయటికి వచ్చేదాకా ఎర్రదిబ్బ మీద ఒక్క గోరు కూడా పడదు. ఇది నా తొలి ఆజ్ఞ" అంది. "విందుకు ఇప్ప పువ్వులున్నాయి, నేరేడు పళ్లున్నాయి. మరి రేపటి నుంచి నేను చెప్పినదానికల్లా ఒప్పుకుంటావా?"

"చచ్చినా ఒప్పుకోను! తప్పు చేస్తే రోజూ వచ్చి నిలదీస్తాను!" అన్నాడు బిరుసయ్య. తల మాత్రం మళ్లీ "సరే, సరే" అంది. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది వాడే.

టక్! విందు మొదలైంది. గుట్ట మీద నక్క, "నాకసలు ఆకలే లేదు" అంది. దాని కడుపు గుర్రుమంది.

తొలకరి పడిన వారానికి ఎర్రదిబ్బ మట్టి కదిలింది. తొండపిల్లలు ఒక్కొక్కటే బయటికి వచ్చి, అడవి వైపు చూసి, "సరే, సరే" అని తలలు ఊపాయి. గరికమ్మ పక్కన నిలబడ్డ బిరుసయ్యకు కళ్ల నీళ్లు ఆగలేదు.

నీతి: ఓడినవాడు అలిగి గుట్టెక్కితే నష్టపోయేది గెలిచినవాడు కాదు, ఓడినవాణ్ని నమ్ముకున్నవాళ్లు. ఎదిరించదలచినవాడు ముందు సభలో ఉండాలి.