గోడ ఊగిన పురిటిగది

అనగనగా ఏటి మధ్య లంకలో ఒక ఊళ్ళో, చిట్టితల్లీ, వానలు వదలని కాలంలో తాయారమ్మకి ఆడపిల్ల పుట్టింది. పురిటిగది పెరటి వైపు ఉండేది. గోడల నిండా చెమ్మ, మూలల్లో బూజు. పురుడు వెళ్ళేదాకా ఆ గదిలో చీపురు ఎత్తకూడదని తాయారమ్మ వాళ్ళమ్మ కోటమ్మ పట్టు. ఆవిడ పట్టు పట్టిందంటే ఇంక దేవుడొచ్చినా వినదు.

ఆ సాయంత్రం దీపం పెట్టగానే గోడ మీద ఒక పురుగు వాలింది. చూపుకి దోమే. కానీ ఎంత దోమనుకున్నావు! నీ అరచెయ్యంత మేర పరుచుకున్న సన్నటి కాళ్ళు. కోటమ్మ పట్టుకోబోతే అది ఎగిరిపోయింది, కాలొకటి మాత్రం ఆవిడ వేళ్ళ మధ్య ఉండిపోయింది. ఆ తెగిన కాలు కాసేపు వణికింది కూడా.

"అమ్మో, ఇది పురుగు కాదే," అంది కోటమ్మ.

మర్నాడు చూస్తే మూలన బూజుకి ఒక గుంపే వేలాడుతోంది. గాలి లేదు. అయినా అన్నీ కలిసి ఒక్కసారే పైకీ కిందికీ ఊగుతున్నాయి. గోడే ఊపిరి పీలుస్తున్నట్టుంది. ఉయ్యాల్లో పిల్ల కళ్ళార్పకుండా అటే చూస్తోంది. నాకు చెబుతుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది, దగ్గరికి జరుగు.

"పసిదాని నెత్తురు కోసమే వచ్చాయే ఇవి," అంది కోటమ్మ.

ఆ తర్వాత తాయారమ్మ స్నానానికి వెళ్ళింది. అప్పుడు కోటమ్మ కిటికీ బిగించి, కుంపటిలో పచ్చి వేపాకూ సాంబ్రాణీ గుమ్మరించి, తలుపు మూసి బయట కాపలా కూర్చుంది. పిల్లని లోపలే ఉంచింది. రోజూ నీళ్ళు పోశాక పిల్లకి పట్టేది సాంబ్రాణి పొగే కదా, ఎక్కువైతే ఇంకా మంచిదే అనుకుంది పిచ్చి మనిషి.

లోపల పిల్ల ఏడ్చింది. ఆ తర్వాత దగ్గింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

"అమ్మయ్య, పీడ వదిలింది, నిద్రపోయింది," అనుకుంది కోటమ్మ.

అప్పుడే తాయారమ్మ తడిజుట్టుతో వచ్చింది. "అమ్మా, ఈ పొగేంటే?" అంటూ తలుపు తోసింది. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తింది. వానజల్లు మొహాన పడ్డాక, చాలాసేపటికి, పిల్ల కెవ్వుమంది.

పొగతో పాటే ఆ పురుగులూ బయటికొచ్చాయి. ఒకటి పిల్ల చెంప మీద వాలింది. తాయారమ్మ తన చెయ్యి దగ్గర పెడితే దాని మీదికి ఎక్కింది. ఊరికే నిలబడింది, కుట్టలేదు. ఎలా కుడుతుంది తల్లీ? నెత్తురు తాగే సూదే లేదు దానికి. రెక్కల వెనక గుండుసూదుల్లాంటి చిన్న పుల్లలు రెండుంటాయి, అవి ఎగిరేటప్పుడు తూగు తప్పకుండా ఉండటానికి. రెక్కలు రాకముందు తడిమట్టిలో కుళ్ళిన ఆకులు తిని పెరుగుతుంది. రెక్కలొచ్చాక తిండి కూడా పెద్దగా పట్టదు. జత కట్టి, మట్టిలో గుడ్లు పెట్టి, కొద్దిరోజుల్లోనే పోతుంది పాపం.

కోటమ్మ బురదలోనే కూలబడింది. "పసిదాని ఉసురు తియ్యబోయింది నేనే కదే," అని ఏడ్చింది. ఏడుస్తూనే పిల్ల కోసం చేతులు చాచింది.

తాయారమ్మ పిల్లని ఇవ్వలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది.

కథేమో కంచికి పోయె,
కంటికేమో కునుకు వచ్చె.