ఆగిన మగ్గం

తెల్లారినా కలలోంచి బయటికి రానట్టుండే ఊరు కోరువాడ. ఆ ఊరి రాజు వీరకేతుకు మనశ్శాంతి మీద మోజు పుట్టింది. ధ్యానానికి కూర్చుంటే చాలు, ఏదో ఒక చప్పుడు. కోళ్లను ఊరవతలికి తోలించాడు, గుడిగంటకు గుడ్డ చుట్టించాడు. అయినా కోటగోడ పక్కన నాంచారమ్మ మగ్గం టకటకలాడుతూనే ఉంది.

రాజు ఆమెను పిలిపించి, "సాయంత్రంలోగా ఊరు వదిలి వెళ్లు" అన్నాడు.

ఆమె చంకలో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. మగ్గం పక్కనే ఉయ్యాలలో పెరిగిన పిల్ల, ఆ చప్పుడు లేందే నిద్రపోదు. దాన్ని చూడగానే నాంచారమ్మకు ఉపాయం తట్టింది.

"వెళ్తాను ప్రభూ. సగం నేసిన బట్ట మగ్గం మీద వదిలి పొలిమేర దాటితే ఊరికి అరిష్టమని మా సాలెవాళ్ల నమ్మకం. అది ముగించి వస్తాను. అందాకా పిల్లను శాంతంగా ఉండేవాళ్లే ఎత్తుకోవాలి. ఈ కోటలో తమకంటే శాంతమూర్తి ఎవరున్నారు?"

కాదంటే పరువు పోతుంది. రాజు చేతులు చాచాడు.

నాంచారమ్మ మగ్గంలో కూర్చుంది. నేస్తుంటే కోట మేడమీది పిల్ల ఏడుపు సన్నగిల్లి, ఎండలో మంచులా కరిగిపోయింది. ఆమె కావాలనే నింపాదిగా నేసింది. పొద్దు వాలాక బట్ట కోసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

కాసేపటికి పిల్లను భుజాన వేసుకుని, జారిపోతున్న తలపాగాతో రాజే వచ్చాడు.

"మగ్గం ఎందుకు ఆపావు? ఇప్పుడిప్పుడే మనసు కుదుటపడుతోంది" అన్నాడు గుసగుసగా.

"ఎవరికి ప్రభూ? పిల్ల మెదలనైనా లేదే."

రాజు తల దించుకున్నాడు.

"నాకు. ఇంకో బట్టకు పడుగు ఎక్కించు."