తెల్ల ముంగిస కళ్ళు ఎర్రబడిన పొద్దు

ఒకప్పుడు ముంగిసలన్నీ తెల్లగా ఉండేవి. పాలలో ముంచి తీసినట్టు ముక్కు నుంచి తోక దాకా ఒకటే తెలుపు. చూడ్డానికి ముచ్చటే గానీ ఏం లాభం? ఎక్కడో ఆకాశంలో తిరిగే గద్దకు కూడా ఇట్టే కనపడేవి. పొద్దున్న ఆడుకున్న పిల్ల సాయంత్రానికి ఉండేది కాదు.

వాటి బాధ చూడలేక కొండ కింది మట్టిగుంట ఒకరోజు నోరు విప్పింది.

"రేపు మంచు కురుస్తుంది. నా మట్టి మెత్తబడుతుంది. వచ్చి పొర్లండి, నా రంగు అంటుకుంటుంది. ఇక గద్దకు మీరెవరో నేనెవరో తెలీదు. ఒక్కటే మాట. ఎండ వచ్చిందంటే నా రంగు ఇంకిపోతుంది. తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు."

మర్నాడు తెల్లవారేసరికి లోకమంతా మంచే. చెట్లు లేవు, కొండ లేదు, కలలో నడుస్తున్నట్టుంది. తప్పిపోకుండా ముంగిసలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని బయల్దేరాయి. అన్నిటికన్నా చివర నురుగు అనే పిల్ల ముంగిస, వాళ్ళమ్మ తోక పట్టుకుని నడుస్తోంది.

దారిలో ఎవరో ఏడుస్తున్నారు.

"ఇప్పుడే వస్తానమ్మా," అని నురుగు తోక వదిలేసి అటు పరుగెత్తింది.

ఏడుస్తున్నది అప్పలకొండ అనే చిన్నపిల్ల. జీడితోటలో నాన్నకు అంబలి ఇచ్చి ఇంటికి పోతూ దారి తప్పింది. ఆ పిల్ల ముందే గట్టు లేని నేలబావి. నురుగు గట్టిగా అరిచింది.

"ఆగు, అటు బావి. నా వెంట రా."

"నువ్వెక్కడున్నావు? నాకేటీ కనపడ్డం నేదు," అంది పిల్ల.

నిజమే మరి. తెల్లటి మంచులో తెల్లటి ముంగిస ఎలా కనపడుతుంది?

నురుగు తూర్పుకు తిరిగి దండం పెట్టింది. "సూరీడు మామా, కాస్త రంగివ్వు. ఈ పిల్లకు నేను కనపడాలి."

సూర్యుడు మంచు అవతల నుంచి ఆవులించాడు. "నేనింకా లేవనే లేదు తల్లీ. ఉన్నది రెండు చుక్కల ఎరుపే. నీ కళ్ళలో వేస్తాను. కానీ ఆ కళ్ళు నా ఎండకు ఓర్చుకోలేవు."

"వెయ్యి మామా," అంది నురుగు.

దాని కళ్ళు ఎర్రగా వెలిగాయి. అవి కనపడాలంటే నురుగు ఆ పిల్లవైపే చూస్తుండాలి. అందుకని పొయ్యిల పొగ వాసన పట్టుకుని, ఊరివైపు వెనక్కి వెనక్కి నడిచింది. తనవాళ్ళు ఎటు పోయారో తల తిప్పి చూడలేదు. తిప్పితే అప్పలకొండ ఆగిపోతుంది.

ఊరు వచ్చేసరికి మంచు విడిపోయింది. గుంటలో రంగు ఇంకిపోయింది. అప్పటికే మిగతా ముంగిసలన్నీ మట్టిరంగుకు మారిపోయాయి, నురుగు ఒక్కటే తెల్లగా మిగిలింది. అప్పుడే గద్ద నీడ అప్పలకొండ ఇంటి వాకిట్లో తిరిగింది.

అప్పలకొండ గబుక్కున దాన్ని పరికిణీలో చుట్టేసింది. "మాయింట్లో ఉండిపో. నిన్నెవుల్నీ ముట్టుకోనివ్వను," అంది.

చేనుగట్టు మీద అమ్మ ముంగిస రెండు కాళ్ళ మీద నిలబడి పిలిచింది. "నురుగూ, వచ్చెయ్యవే."

ఎండలో నురుగుకు అమ్మ కనపడలేదు. గొంతు మాత్రం తెలిసింది.

"రాలేనమ్మా. గద్ద చూస్తుంది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను," అంది. ఆ మాట అంటుంటే దానికి ఏడుపొచ్చింది. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడి, ఇక చేసేదేమీ లేక వెళ్ళిపోయింది.

అప్పటినుంచే ముంగిసలు మట్టిరంగులో ఉంటున్నాయి. ఎప్పుడో ఒకటి మాత్రం తెల్లగా, ఎర్రకళ్ళతో పుడుతుంది. అడవిలో దాని బతుకు గద్ద కంట పడేదాకానే. ఎవరింట్లోనైనా పెరిగితే నీడపట్టున హాయిగా నిద్రపోతుంది. మిగతా ముంగిసలు ఈనాటికీ చేనుగట్టు దాటుతూ ఆగి, రెండు కాళ్ళ మీద లేచి, ఊరివైపు ఓసారి చూసి పోతాయి.