చూడని పదకొండు రోజులు

నాగవేణికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. ఆమె చేసిన తప్పు ఎవరి కంటా పడలేదు. పడి ఉంటే నాలుగు తిట్లు తిని తేలికపడేది. పడకపోగా, ఆ తప్పునే నమ్ముకుని పది దేశాల వాళ్ళు గురువారం ఒక నిర్ణయానికి రాబోతున్నారు.

చెలిమిపల్లిలో వాన కొలవడం ఆమె పని. అనంతపురం జిల్లాలో వాన కొలిచే ఉద్యోగమంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. పడితే కదా కొలవడం! అయినా ఆ ఊళ్ళో రిటైరైన సైన్సు మాస్టారు కుళ్ళాయప్ప ముప్పై ఆరేళ్ళుగా అదే పని చేస్తూ వచ్చాడు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు బడి వెనకాల కంచెలోకి వెళ్ళి, రెయిన్‌గేజ్ మూత తీసి, లోపలి సీసాలో నీళ్ళుంటే గాజు కొలపాత్రలో పోసి చూసి పుస్తకంలో రాసేవాడు. నీళ్ళు లేకపోతే సున్నా రాసేవాడు. వానకు హాజరు వేసే అయివారని ఊళ్ళో ఆయనకు పేరు. ఎక్కువ రోజులు గైర్హాజరే కాబట్టి ఆ పేరు ఇంకా గట్టిగా అతుక్కుంది.

ఆ పుస్తకాల కోసమే మూడేళ్ళ కిందట విదేశీయులు ఆ ఊరికి వచ్చారు. నైజరు, ఇథియోపియా, బ్రెజిల్, ఇలా వాన కోసం మొహం వాచిన పది దేశాల పరిశోధకులు ఒక జట్టు కట్టారు. ఏ వానకు విత్తితే మొలక బతుకుతుంది, ఏ వానను నమ్మి విత్తనం పారేసుకోకూడదు అన్నది అందరూ కలిసి తేల్చి, రైతుల ఫోన్లకు వాళ్ళ వాళ్ళ భాషల్లో సలహా పంపాలని వాళ్ళ ప్రయత్నం. దేశానికో ఊరు. మన దేశం నుంచి చెలిమిపల్లి.

ఆ జట్టు తరఫున వచ్చిన పిల్ల నాగవేణి. ఊళ్ళోనే గది తీసుకుని రెండేళ్ళుగా మాస్టారి వెంట తిరిగి పని నేర్చుకుంది. చదివింది యూనివర్సిటీలో, చదువొచ్చింది మాస్టారి దగ్గర అని అందరికీ చెప్పుకునేది.

జూలైలో మాస్టారు కంటి ఆపరేషన్‌కని ధర్మవరంలో కూతురింటికి వెళ్తూ కంచె తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. జాగ్రత్త అని కూడా అనలేదు. అంత నమ్మకం. వారం తిరక్కుండానే ఆమెకు నైరోబీలో జరిగే జట్టు సమావేశానికి పిలుపు వచ్చింది. చెలిమిపల్లి లెక్కల గురించి మాట్లాడాలట. వెళ్ళింది. తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది, ఈ ఊళ్ళో ఇప్పుడు వానేమిటి అనుకుంది.

నైరోబీలో వేదికెక్కి, "మా మాస్టారు ముప్పై ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా తప్పలేదు" అని చెబితే హాలంతా చప్పట్లు. నైజరు నుంచి వచ్చిన రమాతు అనే పెద్దావిడ ముందు వరసలో కూర్చుని, చప్పట్లు కొడుతూ అదో రకంగా నవ్వింది. మెచ్చుకుంటోంది కాబోలనుకుని నాగవేణి మురిసిపోయింది.

పందొమ్మిదో తేదీ మధ్యాహ్నం బస్సు దిగి, సంచీ భుజాన ఉండగానే కంచె తాళం తీసి చూసింది. సీసాలో నీళ్ళు. కొలిస్తే ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు.

"ఎప్పుడు పడింది వన్నూరమ్మక్కా?" అని కంచె పక్క చేనామెను అడిగింది.

"పడె లేమ్మా. ఒగ దినం కాదు, రోంత రోంత పడె. దాన్ని నమ్మి విత్తనాలు యేస్తిమి."

ఏ రోజు ఎంత పడిందంటే వన్నూరమ్మకేం తెలుసు? నాగవేణి పుస్తకం తెరిచి పది గళ్ళలో పది సున్నాలు పెట్టింది. పదకొండో గడిలో ముప్పై ఎనిమిది రాసింది. ఒక్క చుక్క తగ్గలేదు, ఒక్క చుక్క పెరగలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

అక్కడితో పోతే బాగుండేది. వన్నూరమ్మ వేసిన వేరుశెనగ సగానికి సగం మొలకలోనే మాడిపోయింది. ఊళ్ళో అందరిదీ అదే గతి. జట్టువాళ్ళు ఆ వానను, ఈ చేలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే రోజు ముప్పై ఎనిమిది పడినా మొలక చచ్చిందంటే ఆ వాన చాలదన్నమాట అనుకున్నారు. మిగతా ఊళ్ళ లెక్కలు అటూ ఇటూగా ఉంటే చెలిమిపల్లిది మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించింది. యాభై పడేదాకా ఆగి విత్తమని అన్ని దేశాల రైతులకూ చెబుదామన్నారు. గురువారం అది ఖాయమవుతుంది.

అది ఒక్క వాన కాదని, చిన్నచిన్న జల్లులని తెలిసింది ఊళ్ళో చేలవాళ్ళకు, జట్టులో నాగవేణి ఒక్కదానికే. ఒకే రోజు ముప్పై ఎనిమిది పడితే ఆ మొలకలు బతికేవేమో. యాభై కోసం కూర్చుంటే ఎక్కడెక్కడి రైతులో మంచి అదును కళ్ళముందే పోగొట్టుకుంటారు. కొన్ని ఊళ్ళలో యాభై ఏడాదికొక్కసారి కూడా పడదు.

సోమవారం పొద్దున్నే మాస్టారింటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని చేటలో వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. ధర్మవరం నుంచి వచ్చేసినా, ఆపరేషన్ తర్వాత కళ్ళకు పెట్టిన నల్లద్దాలు ఇంకా తీయలేదు.

"సార్, ఒక మాట చెప్పల్ల."

"చెప్పు పాపా."

నిలబడే అంతా చెప్పింది. నైరోబీ, సీసా, సున్నాలు, గురువారం. ఆయన కాయలు ఒలవడం ఆపలేదు. పది సున్నాల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"మొత్తం సరిపోయింది సార్. నీళ్ళయితే అబద్ధం కాదు కదా?"

"నీళ్ళయితే కాదు," అన్నాడు మాస్టారు.

నాగవేణి తల వంచుకుంది.

"ఇప్పుడు చెప్తే జట్టులోనుంచి మన ఊరినే తీసేస్తారు సార్. నా ఉద్యోగం పోతే పోనీ. ముప్పై ఆరేండ్ల మీ పేరు నా చేతుల్లో పోతాది." ఉద్యోగం పోతే పోనీ అన్నది పూర్తి నిజం కాదు గానీ, రెండో మాటలో మాత్రం ఆమె ప్రాణమంతా ఉంది.

"నా పేరు యాడుంది పాపా ఆ పుస్తకంలో? తేదీ ఉంటాది, వాన ఉంటాది."

ఆయన చేట పక్కన పెట్టి లేచి లోపలికి నడిచాడు. మంచం కిందున్న ఇనప్పెట్టె వైపు చెయ్యి చూపించాడు.

"బయటికి లాగు. నా కండ్లకు దుమ్ము పడగూడదంట."

పెట్టెలో పాత పుస్తకాలు, ఏడాదికొకటి. నాగవేణి చూసింది వాటి ఏడాది మొత్తాలే. లోపలి పేజీలను జట్టువాళ్ళే వచ్చి ఫోటోలు తీసుకుపోయారు. మాస్టారు అట్టలు తడుముతూ, ఇరవై ఏళ్ళ నాటి పుస్తకం ఒకటి తీసి ఆమెకు ఇచ్చాడు.

"సెప్టెంబరు చదువు. నాకు ఇనపడేట్టు."

ఇప్పుడిదంతా ఎందుకని ఆమెకు లోపల విసుగ్గానే ఉంది. అయినా చదివింది. "ఒకటి, సున్నా. రెండు, సున్నా. మూడు, నాలుగున్నర. నాలుగు, సున్నా..." ఎనిమిది దాకా వచ్చి ఆగిపోయింది.

తొమ్మిది నుంచి పదిహేను దాకా గళ్ళన్నీ ఖాళీ. వాటి పక్కనే పైనుంచి కిందికి ఒక గీత, ఏడు గళ్ళనూ కలిపి పట్టుకున్నట్టు. గీత పక్కన మాస్టారి గుండ్రటి చేతిరాత.

"ఆపినావేమి? చదువు."

"చూడలేదు," అని చదివింది నాగవేణి. "ఏడు రోజుల నీళ్ళు కలిపి యాభై రెండు."

"ఊ."

"ఎందుకు చూడలేదు సార్?"

మాస్టారు గోడ వైపు తిరిగాడు. గోడ మీద ఆయన భార్య ఫోటో ఉంది.

"సుబ్బరత్న ఆ తొమ్మిదో తేదీ తెల్లారుతుండగా పాయె. ఆ వారమంతా వాన బాగా పడిందంట. నాకు తెల్దు."

నాగవేణికి సిగ్గుతో ఒళ్ళు కుంచించుకుపోయింది. రెండేళ్ళుగా రోజూ ఆ ఫోటో కిందే కూర్చుని టీ తాగింది. వాన సంగతులు వెయ్యి అడిగింది. ఆమె ఎప్పుడు పోయిందని ఒక్కసారి అడగలేదు.

"నేను నైరోబీలో మీరు ఒక్క రోజూ తప్పలేదని చెప్పినా సార్. అందరి ముందర."

"రమాతమ్మ ఉన్నిందా ఆడ?"

"ముందు వరసలోనే ఉన్నింది."

మాస్టారు చప్పుడు లేకుండా నవ్వాడు. భుజాలు కదిలాయి. "అయితే ఆయమ్మ బాగా నవ్వుకోనుంటాది. నువ్వు రాక ముందరి మాటలే. ఈడ ఇట్లే కింద కూచోని పుస్తకాలు తిరగేస్తా ఉన్నె. ఈ పేజీ కాడ ఆగి ఇదేమని అడిగె. చెప్తి. కారు డ్రైవరు ఇంగ్లీషులో చెప్పె. ఆయమ్మ లేసి పోయి సుబ్బరత్న ఫోటో ముందర రోంచేపు నిలబడె. మళ్ళొచ్చి పుస్తకం మూసిపెట్టి, ఇంగ మిగతావి నేను చూడక్కర్లేదు అనె."

వీధిలో పాలాయన సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

నాగవేణి సంచీలోంచి ఈ ఏటి పుస్తకం తీసింది. కలం కోసం వెతుకుతుంటే మాస్టారు తన జేబులోది ఇచ్చాడు. జూలై పేజీ తెరిచి, పది సున్నాలనూ ఆ ముప్పై ఎనిమిదినీ ఒక్కొక్క అడ్డగీతతో కొట్టేసింది. కింద రాసింది కనబడుతూనే ఉండాలి, కనబడకుండా దిద్దకూడదు. అది ఆయన మొదటి రోజే నేర్పిన పద్ధతి. పదకొండు గళ్ళనూ కలిపి పక్కన పొడుగు గీత గీసింది. చూడలేదు, పదకొండు రోజుల నీళ్ళు కలిపి ముప్పై ఎనిమిది అని రాసింది. రాస్తుంటే కన్నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

"సార్, ఎందుకు చూడలేదో రాయల్లా?"

"నేను రాసినానా?"

"లేదు సార్."

"మరి?"

ఆ పేజీ ఫోటో తీసి, నాలుగు మాటల ఉత్తరం జతచేసి ఆ మధ్యాహ్నమే పది దేశాలకూ పంపింది.

గురువారం నిర్ణయం జరగలేదు. జట్టు పెద్ద యూరపులో ఉంటాడు, పద్ధతి మనిషి. ఆయన రెండే వాక్యాలు రాశాడు. తెలియజేసినందుకు కృతజ్ఞతలు. వచ్చే సమావేశానికి మాట్లాడేవాళ్ళ జాబితాలోంచి మీ పేరు తీసేస్తున్నాం. నాగవేణి ఆ ఉత్తరం చదివి గదిలో తలుపేసుకుని ఏడ్చింది. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన బాధ లేకుండా పోతుందా?

తర్వాతి వారం నుంచి మరో రకం ఉత్తరాలు మొదలయ్యాయి. బ్రెజిల్ నుంచి ఒకాయన తన పుస్తకంలో మూడు రోజులు కొట్టేసి పంపాడు. ఆ మూడు రోజులూ కూతురు పుట్టిన ఆసుపత్రిలో ఉన్నాడట. ఇథియోపియా నుంచి ఒకావిడ, వాగు మీద వంతెన కొట్టుకుపోయి వారం పాటు కంచె దాకా చేరలేకపోయామని, సిగ్గుపడి సున్నాలు పెట్టామని రాసింది. రమాతు పన్నెండు రోజులు పంపింది. అవి మొదటి నుంచీ ఖాళీగానే ఉన్నాయి. కారణం రాయలేదు. కింద చేత్తో ఒక్క ముక్క రాసింది, మాస్టారు బాగున్నారా అని. చివరికి పది ఊళ్ళ పుస్తకాలనూ మళ్ళీ మొదటి నుంచి చూడాలని జట్టంతా తీర్మానించింది. యాభై మాట పక్కకు పోయింది. జాబితాలో నాగవేణి పేరు మాత్రం మళ్ళీ చేర్చలేదు.

ఆ ఉత్తరాలను నాగవేణి ఒక పొద్దున కంచె దగ్గరికి నడుస్తూ మాస్టారికి చదివి వినిపించింది. ఆయన నల్లద్దాలు తీసేసి నాలుగు రోజులైంది. లోకమంతా కొత్తగా రంగేసినట్టుందని అందరికీ చెబుతూ, వన్నూరమ్మ కోక రంగు కూడా మెచ్చుకుని చీవాట్లు తిన్నాడు.

"ఆ సలహా ఎప్పుడు పంపిస్తారంట?" అని అడిగాడు.

"వచ్చే ఏడు సార్. ఈ ఏడు ఇంగ కాదంట."

"వన్నూరమ్మకు చెప్పినావా?"

"చెప్పినా సార్. నా వల్లే ఆలీసెం అయిందని కూడా చెప్పినా."

"ఏమనె?"

"వచ్చే ఏడైనా సరిగ్గా చెప్పండమ్మా అనె."

మాస్టారు తలాడించి గడియారం చూశాడు. ఎనిమిదిన్నర. నాగవేణి తాళం తీసి, మూత ఎత్తి, సీసా బయటికి తీసింది. పొడిగా ఉంది. పుస్తకం తెరిచి కలం పట్టుకుంది. కలం గడి మీదికి పోయి అక్కడే ఆగింది.

"ఏమైంది?"

"సున్నా రాయాలంటే చెయ్యి రావడం లేదు సార్."

మాస్టారు ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నాడు. ఎండకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి రెండో కంటితో, మళ్ళీ రెండోది మూసి మొదటి కంటితో లోపలికి చూశాడు. తలకిందులు చేసి అరచేతిలో తట్టాడు. చుక్క కూడా రాలలేదు. సీసా ఆమెకు తిరిగిచ్చి అన్నాడు.

"రాయి పాపా. ఈ పొద్దు చూసినాం కదా."