రాజుగారు క్షమించిన వెలుగు

అనగనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో ఒక రాజు. పేరు రణధీరుడు. పేరు పెట్టేనాటికి పసివాడు, పెద్దయ్యాక ఎలా ఉంటాడో ఎవరికి తెలుసర్రా! ఆ ఊరి ఆనవాయితీ ఏమిటంటే, ఏటికొచ్చిన కొత్తనీరు తేటపడగానే మొదటి చేపని రాజే ఈటెతో పొడవాలి. అప్పటిదాకా బెస్తవాళ్ళు వల ముట్టకూడదు.

రాజు పడవెక్కి పొడిచాడు, తప్పింది. మళ్ళీ పొడిచాడు, మళ్ళీ తప్పింది. మూడు రోజులు పొడిచాడు, నీళ్ళకి తప్ప దేనికీ దెబ్బ తగల్లేదు! మీ గురి తప్పింది బాబూ అని ఎవరనగలరు? ఎవరికైనా తలకాయ ఒక్కటేగా ఉంటుంది! రాజు మంత్రిని తిట్టాడు, మంత్రి సేనాపతిని తిట్టాడు, సేనాపతి పడవవాణ్ణి తిట్టాడు, పడవవాడు ఈటెని తిట్టాడు. ఈటెకి నోరు లేదు కనక తిట్లు అక్కడ ఆగాయి. ఊ కొడుతున్నారా, నేనే చెప్పుకుంటూ పోతున్నానా?

అప్పుడు రాజు ఆ ఈటెని వాలుగా సగం ముంచి చూశాడు. నీళ్ళ దగ్గర విరిగినట్టు వంకర! పైకి తీస్తే తిన్నగా ఉంది. ముంచితే వంకర, తీస్తే తిన్నన. మంత్రికి తెలివి తక్కువా? తమ సముఖానికి రాగానే భయంతో నిటారుగా నిలబడుతోంది ప్రభూ అన్నాడట. ఇంకేముంది, వంకర ఈటె చేసిన కమ్మరి బ్రహ్మయ్య బొటనవేళ్ళు రెండూ మర్నాడు తీసెయ్యమన్నాడు రాజు. బొటనవేళ్ళు లేకపోతే సుత్తి పట్టేదెలా, ఇల్లు గడిచేదెలా?

బ్రహ్మయ్య కోడలు మాణిక్యం. పుట్టింటివాళ్ళు బెస్తపేటలో గాలాలు చేసి బతికారు, చిన్నప్పుడంతా ఆ పిల్లకి ఏటిగట్టే ఆటస్థలం. కొండలాంటి మావగారు కొలిమి ముందు చేతులు చూసుకుంటూ కూర్చుంటే చూసి ఊరుకోలేకపోయింది. తెల్లారగానే ఏటికి పోయి రాజు కాళ్ళ మీద పడింది. మహాప్రభో, నీళ్ళలో వంకరగా కనిపించిందల్లా వంకరదేనంటే, తమ చెయ్యి కూడా ఒక్కసారి ముంచి చూడండి అంది.

ముంచాడు. చెయ్యీ వంకరే! మంత్రి ఆకాశంలో కొంగల్ని లెక్కపెట్టడం మొదలెట్టాడు.

అప్పుడు మాణిక్యం నెమ్మదిగా చెప్పింది. చెయ్యీ మంచిదే, ఈటె కూడా మంచిదే ప్రభూ. వెలుగుకి నీళ్ళలో నడక నెమ్మది, గాలిలో జోరు. బండి బురదలోంచి ఏటవాలుగా గట్టెక్కితే, ముందెక్కిన చక్రం జోరందుకుని బండి పక్కకి తిరగదూ? చేప దగ్గర్నించి వచ్చే వెలుగూ అంతే, నీళ్ళు దాటగానే పక్కకి తిరుగుతుంది. అందుకే చేప ఉన్నచోటికంటే పైన కనిపిస్తుంది. కనిపించినదానికి బెత్తెడు కింద పొడవండి, అంది.

పొడిచాడు. ఇంత బొచ్చెచేప ఈటెకి గుచ్చుకుని పైకొచ్చింది! బెస్తవాళ్ళు వలలు భుజాన వేసుకుని పరుగో పరుగు. మరి రాజుకి తెలియలేదంటే బావుంటుందా? నేరమంతా వెలుగుదేననీ, మొదటి తప్పు కనక దయతలచి దాన్ని క్షమించామనీ ఊరంతా దండోరా వేయించాడు. మమ్మల్ని క్షమించమని బ్రహ్మయ్యని మాత్రం ఎవరూ అడగలేదు.

అడక్కపోతే పోయారు. ఆ మధ్యాహ్నం బ్రహ్మయ్య కంచం ముందు కూర్చున్నాడు. పప్పన్నం ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి తోసుకున్నాడు. మాణిక్యం చూసి, కొంగుతో కళ్ళొత్తుకుని, ఇంకొంచెం నెయ్యి వేసింది.

అందుకే నాన్నా, తప్పు కనిపించిన చోటే పొడిచెయ్యకండి, అది అసలెక్కడుందో చూడండి. కథేమో కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్ల దారి పట్టండి.