గైరమ్మ తల ఊపని ప్లేట్లు

పాటని పెట్టెలో పెట్టి కీ తిప్పే కాలంలో, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో, గైరమ్మ అనే మనిషి ఉండేది. గవరయ్య షావుకారి పాటల కొట్టులో గ్రామఫోను ప్లేట్లు తుడవడం ఆవిడ పని. ఒక మెత్తని గుడ్డ, ఒక ముక్కాలి పీట. అదీ ఆవిడ వైభవం.

కొత్త ప్లేటు వచ్చినా, పాత పాట మళ్ళీ అచ్చయి వచ్చినా, గైరమ్మ తుడిచి మూడుసార్లు వినేది. మొదటిసారి గొంతు కోసం. రెండోసారి ఊపిరి కోసం. మూడోసారి మనిషి కోసం. తల ఊపిందా, ప్లేటు అమ్ముడుపోయేది. ఊపలేదా, అరలోనే దుమ్ము పట్టేది.

"ఈ భాగవతారుగారు ఎలా పాడారు గైరమ్మా?" అని అడిగేవాళ్ళు కొనేవాళ్ళు.

"బాగానే పాడారు బాబూ. ఫిడేలాయన్ని మాత్రం బతకనివ్వలేదు."

సంగీతం చదువుకున్న పెద్దలు నవ్వేవాళ్ళు. నవ్వి, ఆవిడ తల ఊపిన ప్లేటే కొనుక్కెళ్ళేవాళ్ళు.

ఆ రోజుల్లో పాడిన ఆడవాళ్ళు పాట చివర తమ పేరు తామే చెప్పుకునేవాళ్ళు. "నా పేరు పెదరత్నం." "నా పేరు మాణిక్యం." "నా పేరు తులశమ్మ." గైరమ్మ ఆ మాటకీ తల ఊపేది, ఎదురుగా నిలబడ్డ మనిషికి ఊపినట్టు.

ఒకనాడు ఆ ముగ్గురి పాటలూ మళ్ళీ అచ్చయి వచ్చాయి. గైరమ్మ పెదరత్నం ప్లేటు పెట్టింది. గొంతు ఉంది. ఊపిరి ఉంది. పాట అయిపోయింది. పేరు రావలసిన చోట ఉత్త గరగర. ఆ గరగర వెనక ఎవరో నోరు తెరిచి ఆగిపోయినట్టుంది. గైరమ్మ ముల్లు ఎత్తింది.

"పాట బాగుంది. మనిషేదీ?" అంది.

"పేర్లు నేనే తీయించాను. సంసారుల ఇళ్ళల్లో మోగే ప్లేట్లివి. భోగంవాళ్ళ పేర్లెందుకు?" అన్నాడు షావుకారు.

"పాటకి లేని మైల పేరుకెలా అంటింది బాబూ?"

మాణిక్యం ప్లేటు పెట్టింది. "పాట బాగుంది. మనిషేదీ?" తులశమ్మ ప్లేటు పెట్టింది. "పాట బాగుంది. మనిషేదీ?"

"తల ఊపుతావా, మెట్లు దిగుతావా?" అన్నాడు షావుకారు.

గైరమ్మ గుడ్డ మడిచి పీట మీద పెట్టింది. ఈ కొట్టు తప్ప తిండికి మరో దారి లేదని తెలిసే మెట్లు దిగింది. ఆ వానాకాలం దాటలేదు.

ఆవిడ పోయాక షావుకారికి ధైర్యం వచ్చింది. "పోయేముందు గైరమ్మ విని తల ఊపింది" అని చెప్పి మూడు ప్లేట్లూ మూడు ఇళ్ళకి అమ్మాడు. బతికుండగా ఊపని తలని చచ్చాక ఊపించాడన్నమాట.

మొదటి ఇంట్లో, మిట్టమధ్యాహ్నం, పాట అయ్యాక గరగరలోంచి గైరమ్మ గొంతు అడిగింది. "మనిషేదీ?" రెండో ఇంట్లో ముల్లు ఎత్తేశారు. ఎత్తినా అడిగింది. మూడో ఇంట్లో పెట్టె మూసి దుప్పటి కప్పారు. దుప్పటి కిందనుంచి, నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, "మనిషేదీ?"

ఆ ఇంటి ముసలావిడ వత్తులు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే "తులశమ్మ" అంది.

గొంతు ఆగిపోయింది.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు కొడుకు.

"నిద్దట్లో కూడా మీ నాన్న కలవరించిన పేరేగా."

మూడు ప్లేట్లూ కొట్టుకి తిరిగొచ్చాయి. షావుకారు ఒకటి పెట్టి విన్నాడు. "మనిషేదీ?" అడిగింది పెట్టె. పేరు చెప్పబోయాడు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. తను చెరిపించిన చోటే తన గొంతూ ఆగిపోయింది. పక్కకి చూస్తే పీట మీద గుడ్డ, అప్పుడే తుడిచి పెట్టినట్టు, మడత విప్పి ఉంది.

మూడు రోజులు మూగగా తిరిగాడు. మూడోనాటి సాయంత్రం ప్రతి ప్లేటు మీదా తన చేత్తో పేరు రాశాడు. పెదరత్నం. మాణిక్యం. తులశమ్మ. అప్పుడు గొంతు పెగిలింది. వచ్చిన మొదటి మాట "గైరమ్మా" అని.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పాట అయిపోగానే ముల్లు ఎత్తరు. మూడు చుట్లు తిరగనిచ్చి, పాడినవాళ్ళ పేరు పైకి చెప్పి, అప్పుడు ఎత్తుతారు.

అది పాటలతో ఆగలేదు. కూర బాగుందని విస్తరి ముందునుంచి లేచిపోయే మగవాడి వెనక ఎవరూ ఉండరు. అయినా వినబడుతుందట, చెవి పక్కనే. "మనిషేదీ?"

వాడు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, వండినామె పేరు చెప్పి, ఆ తర్వాతే చెయ్యి కడుక్కుంటాడు.